పాదం పైకి లేవడం లేదా? తప్పు ఎక్కడుందో ఇలా వెతకండి

నడుస్తుంటే చెప్పు జారిపోతుంది, బొటనవేలు గడపకు తట్టుకుంటుంది. అడుగు పడినప్పుడు పాదం టప్‌మని నేలకు కొట్టుకుంటుంది. దీన్ని ఫుట్ డ్రాప్ అంటారు. గోడ పట్టుకుని మడమల మీద నాలుగడుగులు వేయండి. ఒక పాదం ముందుభాగం లేవకపోతే అనుమానం నిజమే. నొప్పి లేదు కదా అని మాత్రం వదిలేయకండి.

మూతి వంకర, చేతిలో పట్టు తప్పడం, మాట తడబడటం తోడైతే అది పక్షవాతం కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, మలద్వారం చుట్టూ స్పర్శ తగ్గినా వెన్నులో నరాలు నొక్కుకుపోతున్నట్టు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

నొప్పి లేకుండా పాదం పడిపోయింది, పిక్క బయటివైపు, పాదం పైన తిమ్మిరి
మోకాలికి కాస్త కింద, బయటివైపు ఒక ఎముక బుడిపె చేతికి తగులుతుంది. పాదాన్ని పైకి లేపే పెరోనియల్ నరం దాని చుట్టూ చర్మం కిందే తిరుగుతుంది, అందుకే ఇట్టే నలుగుతుంది. గంటల తరబడి గొంతుక్కూర్చుని కలుపు తీసినా, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నా, పిండికట్టు బిగువైనా ఇంతే. తక్కువ కాలంలో బాగా బరువు తగ్గినవాళ్లకు అక్కడి కొవ్వు మెత్త కరిగి నరానికి రక్షణ పోతుంది.
ముందు ఆ ఒత్తిడి తీసేయాలి. పిండికట్టు వల్ల అయితే రేపటిదాకా ఆగొద్దు. నరం నలిగి ఊరుకుంటే చాలామందికి కొన్ని వారాల నుంచి మూడు నెలల్లో బలం వస్తుంది. లోపలి పోగులు తెగితే రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరగాలి, ఓపిక పట్టాలి.

నడుము నుంచి పిర్ర మీదుగా లాగే నొప్పి
ఎక్కువగా నడుములోని ఎల్4, ఎల్5 అనే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్కు ఎల్5 నరాన్ని నొక్కడం. పాదాన్ని లోపలికి తిప్పే బలం కూడా తగ్గితే చూపు నడుము మీదకు పోవాలి. ఆ బలం బాగుంటే మోకాలి దగ్గరే వెతకాలి. ఎంఆర్‌ఐ, నరంలో సంకేతం ఎలా పోతోందో చూసే నర్వ్ కండక్షన్ పరీక్షలు తేలుస్తాయి. బలం తగ్గుతూ పోతుంటే ఆపరేషన్ మాట వాయిదా వేయొద్దు.

పిర్రకు ఇంజెక్షన్ చేయగానే మొదలైతే
పిర్ర మీదుగా కాలిలోకి దిగే సయాటిక్ నరానికి దెబ్బ తగిలి ఉండొచ్చు. న్యూరాలజిస్టును కలవండి.

స్పర్శ లేని పాలిపోయిన మచ్చ, మోకాలి పక్కన తాడులా లావెక్కిన నరం
కుష్ఠు కావచ్చు. సిగ్గుపడి దాచుకోవడం వల్లే పాదం పోగొట్టుకుంటారు. మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. బలం తగ్గి 6 నెలలు దాటకముందే వెళితే డాక్టరిచ్చే స్టెరాయిడ్లతో తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. పాతబడితే స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) మార్పిడి ఆపరేషన్ ఉంది.

కారణం ఏదైనా, కోలుకునేదాకా బూటులో ఇమిడే ఏఎఫ్‌ఓ పట్టీ (పాదం కిందికి వాలకుండా పట్టి ఉంచే ఊత) వేసుకుంటే పడిపోకుండా నడవొచ్చు. మడమ వెనక బిగుసుకోకుండా పాదానికి తువ్వాలు తగిలించి రోజూ మీ వైపు లాగండి. తిమ్మిరి ఉన్న పాదానికి వేడి కాపడం పెట్టొద్దు, కాలినా తెలియదు.