అనంతపురంలోనే ఉండి సొంత సాఫ్ట్‌వేర్ పని నడపాలంటే

పొద్దున మొదటి రెండు గంటలు కోడ్‌కే ఇవ్వండి, ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. నేను చెనక్కాయ మిల్లులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తాను. ఓనర్లు పదిన్నర తర్వాతే ఫోన్ చేస్తారు, అదొక అదృష్టం.

కొత్త ఫీచర్ అడిగితే వెంటనే "సరేనన్నా" అనకండి. మిల్లుకెళ్లి గుమాస్తా పక్కన కూర్చోండి. ఓనరు రంగురంగుల రిపోర్టులు అడుగుతాడు. గుమాస్తాకు కావాల్సింది మాత్రం తరుగు తీసేసి బస్తాల లెక్క తేల్చే ఒక్క బటన్. అది పనిచేసిన రోజు "ఇంక కాలిక్యులేటర్‌తో పనిలేదు సార్" అంటాడు. ఆ మాట కోసమే బెంగళూరు ఉద్యోగం వదిలాను.

సగం అడ్వాన్స్ రాకుండా మొదలుపెట్టొద్దు. సేవల టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. కరెంటు పోతుంది కాబట్టి రౌటర్‌కు చిన్న యూపీఎస్ కొనండి. సాయంత్రం ఏడుకు లాప్‌టాప్ మూసేయండి, సర్వర్ పడిపోతే తప్ప.