పచ్చ అంటే ఏ పచ్చ? అక్వేరియం టెస్ట్ కిట్ రంగు తేల్చుకునే పద్ధతి

తెలుగులో ‘పచ్చ’ అంటే పసుపుపచ్చ కావచ్చు, ఆకుపచ్చ కావచ్చు. చేపల వ్యర్థాల నుంచి వచ్చి వాటికే విషమయ్యే అమోనియాను కొలిచే అక్వేరియం టెస్టులో చిక్కంతా సరిగ్గా అక్కడే. ఏపీఐ కంపెనీ చుక్కల కిట్‌లో సున్నా అంటే పసుపు. 0.25 పీపీఎం (పది లక్షల్లో ఎన్ని భాగాలో చెప్పే కొలత) అంటే అదే పసుపులో ఓ పిసరు ఆకుపచ్చ. ట్యూబు పట్టుకుని ఇల్లంతా తిరిగినా అది కిట్‌తో వచ్చిన కార్డు మీది ఏ రంగు గడిదో తేలదు.

కళ్లను అనుమానించాల్సిన పనిలేదు. కార్డు మీద ఉన్నది కాగితానికి పట్టిన సిరా, ట్యూబులో ఉన్నది వెలుతురును తనలోంచి పోనిచ్చే నీళ్లు. ఆ రెంటికీ పోలిక అచ్చంగా కుదరదు. అదే రెండు ట్యూబులు పక్కపక్కన పెడితే చిన్న తేడా కూడా ఇట్టే తెలుస్తుంది. కాబట్టి నీళ్లను నీళ్లతోనే పోల్చాలి.

సున్నా ట్యూబు

ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక క్యాను తెచ్చుకోండి. ఒక ట్యూబులో ట్యాంకు నీళ్లు 5 మి.లీ., ఇంకోదాంట్లో డిస్టిల్డ్ వాటర్ 5 మి.లీ. పోయండి. రెండింటిలోనూ అమోనియా మొదటి సీసా నుంచి 8 చుక్కలు, రెండో సీసా నుంచి 8 చుక్కలు వేయండి. మూతపెట్టి 5 సెకన్లు గట్టిగా ఊపి, 5 నిమిషాలు ఆగండి. ఇప్పుడు రెండు ట్యూబుల్నీ తెల్ల కాగితం ముందు పెట్టి చూడండి. ఒకేలా ఉంటే, కార్డు 0.25 అంటున్నట్టు అనిపించినా సరే, మీ ట్యాంకులో అమోనియా లేనట్టే. ట్యాంకు ట్యూబు ఆకుపచ్చకు తిరిగితే ఉన్నట్టు. అప్పుడు ఎంతుందో తెలుసుకోవడానికి కార్డు తీయండి.

ట్యాంకులో అమోనియా క్రమంగా మారే రూపాలైన నైట్రైట్, నైట్రేట్ టెస్టులకూ ఇదే పద్ధతి. 20 లీటర్ల వాటర్ క్యాన్ నీళ్లు మాత్రం సున్నాకు వాడకండి, వాటిలో కొంత నైట్రేట్ మిగిలి ఉండొచ్చు. పీహెచ్‌కు ఈ పద్ధతి అసలు పనికిరాదు. డిస్టిల్డ్ వాటర్‌లో పీహెచ్‌ను నిలకడగా ఉంచే బఫర్ ఉండదు గనక, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కాస్త కలిసినా దాని పీహెచ్ మారిపోతుంది.

నైట్రేట్‌కు 20 పీపీఎం ట్యూబు

నైట్రేట్ కార్డులో 10, 20 గడుల నారింజ రంగులు ఒకదానికొకటి చాలా దగ్గర. 40, 80 ఎరుపులైతే చెప్పక్కర్లేదు. దీనికి సున్నా ఒక్కటే చాలదు, తెలిసిన మోతాదు ఒకటి పక్కన ఉండాలి. ఎరువుల దుకాణంలో దొరికే 13-0-45, అంటే పైరు మీద పిచికారీ చేసే పొటాషియం నైట్రేట్, ఇందుకు చక్కగా సరిపోతుంది.

బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా మీద 1.7 గ్రాములు తూచి, కొంచెం డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, మొత్తం 1 లీటరు చేయండి. ఇది సుమారు 1000 పీపీఎం నైట్రేట్. ఇందులోంచి సిరంజితో 10 మి.లీ. తీసి, డిస్టిల్డ్ వాటర్ కలిపి 500 మి.లీ. చేస్తే 20 పీపీఎం వస్తుంది. (శుద్ధమైన పొటాషియం నైట్రేట్ దొరికితే 1.63 గ్రాములు చాలు. ఆ కాస్త తేడా ఈ కార్డు మీద ఎలాగూ కనబడదు.) సీసా మీద ‘విషం, తాగొద్దు’ అని రాసి పిల్లలకు అందకుండా పెట్టండి.

ఈ 20 పీపీఎం నీళ్లకు టెస్టు చేసినా పసుపే వస్తే తప్పు చేసే తీరులోనో, సీసాలోనో ఉంది. ఎక్కువగా రెండో సీసాయే కారణం. అందులో నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చే పొడి అడుగున పేరుకుంటుంది. ఊపకుండా వేస్తే పైనున్న ద్రవమే పడి, నైట్రేట్ ఎంతున్నా తక్కువే చూపిస్తుంది. బల్ల మీద నాలుగు దెబ్బలు కొట్టి, 30 సెకన్లు గట్టిగా ఊపి, అప్పుడు 10 చుక్కలు వేయండి. ఆ తర్వాత ట్యూబును కూడా నిమిషం పాటు ఊపాలి. ఇక్కడ బద్ధకిస్తే మిగతా జాగ్రత్తలన్నీ దండగ.

రంగు ముదురు ఎరుపులోకి పోతే నీళ్లు పలచన చేయండి. ట్యాంకు నీళ్లు 1 మి.లీ.కి డిస్టిల్డ్ వాటర్ 4 మి.లీ. కలిపి టెస్టు చేసి, వచ్చిన అంకెను 5తో గుణించాలి. 20 వస్తే అసలు సంగతి 100. ఇంకో మాట: కొత్త ట్యాంకు సైక్లింగ్‌లో (అమోనియాను మార్చే బ్యాక్టీరియా పెరిగే దశలో) ఉండగా నీళ్లలో నైట్రైట్ కనబడుతుంటే నైట్రేట్ అంకెను లెక్కలోకి తీసుకోకండి. ఈ టెస్టు చివరికి కొలిచేది నైట్రైట్‌నే గనక రెండూ కలిసిపోతాయి.

వెలుతురు, కొలత

పసుపు కాంతినిచ్చే వార్మ్ వైట్ బల్బు కింద పసుపుకూ లేత ఆకుపచ్చకూ తేడా మాయమవుతుంది. మొక్కల ట్యాంకు మీది గులాబీ, ఊదా ఎల్ఈడీ కింద అసలు చూడొద్దు. పగటిపూట కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోటు అన్నిటికన్నా మేలు. రాత్రి తప్పకపోతే 6500 కెల్విన్ తెల్ల బల్బు వాడండి.

ట్యూబును పైనుంచి చూడాలా, పక్కనుంచి చూడాలా అన్నది కిట్‌ను బట్టి ఉంటుంది. పైనుంచి చూస్తే చూపు ఎక్కువ లోతు నీళ్లలోంచి పోతుంది కాబట్టి అవే నీళ్లు ముదురుగా కనబడతాయి. ఏపీఐ కిట్‌లో ట్యూబును కార్డు తెల్ల భాగం ముందు పెట్టి పక్కనుంచి చూడాలి. కొన్ని కిట్లు సీసాను కార్డు మీద నిలబెట్టి పైనుంచి చూడమంటాయి. ఒకదాని పద్ధతి ఇంకోదానికి వాడితే అంకె ఒక గడి జరిగిపోతుంది.

నీటి మట్టం అంచుల్లో పైకి పాకి మధ్యలో వంగి ఉంటుంది. ఆ వంపు అడుగు 5 మి.లీ. గీతను తాకాలి. చుక్కల సీసాను నిలువుగా తలకిందులు చేసి పట్టుకోండి, వాలిస్తే చుక్క సైజు మారుతుంది. మూతకు బదులు బొటనవేలు అడ్డం పెట్టి ఊపడం చాలామంది చేసే పొరపాటు, వేలి చెమటే అమోనియా చూపించగలదు.

నీళ్లకే రంగుంటే

డ్రిఫ్ట్‌వుడ్ (అలంకరణకు వేసే చెక్క), బాదం ఆకులు వేసిన ట్యాంకులో నీళ్లు టీ డికాక్షన్‌లా అవుతాయి. ఆ రంగు టెస్టు రంగులో కలిసి అమోనియా, నైట్రేట్, పీహెచ్ మూడింటినీ చెడగొడుతుంది. విరుగుడు తేలికే. చుక్కలు వేయని ట్యాంకు నీళ్లతో ఇంకో ట్యూబు నింపి కార్డు మీది రంగు గడికి ఆనించండి. టెస్టు ట్యూబును తెల్ల భాగానికి ఆనించండి. నీటి రంగు రెండు వైపులా సమానంగా కలిసి, టెస్టు రంగు ఒక్కటే పోలికకు మిగులుతుంది. జేబీఎల్ కంపెనీ కిట్లలో ఇచ్చే రెండు సీసాల దిమ్మె చేసే పని ఇదే.

బోరు నీళ్లవాళ్లకు

మామూలు పీహెచ్ టెస్టు 7.6 దగ్గర ఆగిపోతుంది. నీలం వచ్చిందంటే 7.6 అయినా కావచ్చు, 8.4 అయినా కావచ్చు. హైదరాబాద్, రాయలసీమ బోరు నీళ్లకు హై రేంజ్ పీహెచ్ సీసాతో, 5 చుక్కలతో, మళ్లీ చూడాల్సిందే. అదీ అప్పుడే తోడిన నీళ్లతో కాదు. బకెట్‌లో ఎయిర్ పంప్ పెట్టి ఒక రోజు ఉంచితే అదనపు కార్బన్ డయాక్సైడ్ పోయి అసలు పీహెచ్ బయటపడుతుంది.

ఇది పట్టించుకోవాల్సిన విషయమే. 28 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 అయితే మొత్తం అమోనియాలో చేపకు విషమయ్యే రూపం 1 శాతం కూడా ఉండదు, 8.2 అయితే దాదాపు 10 శాతం. కార్డు మీద అదే 0.5 ఒక ఇంట్లో ‘రేపు చూద్దాం’, ఇంకో ఇంట్లో ఇప్పుడే సగం నీళ్లు మార్చాల్సిన పరిస్థితి.

కేహెచ్ (కార్బొనేట్ కాఠిన్యం), జీహెచ్ (మొత్తం కాఠిన్యం) టెస్టులతో ఈ రంగుల గొడవ లేదు. రంగు మారేదాకా చుక్కలు లెక్కపెట్టడమే, ఒక చుక్కకు ఒక డిగ్రీ.

రంగులు పోల్చుకోలేనివారికి

ఎరుపు, ఆకుపచ్చ తేడా పట్టలేని వర్ణాంధత మగవాళ్లలో ఎక్కువ. నైట్రైట్ టెస్టులో నీలం నుంచి ఊదాకు మారడం వారికి తెలియకపోవచ్చు. అంకెనే చూపించే డిజిటల్ చెకర్ కొనుక్కోవచ్చు, కాకపోతే ఖరీదు. లేదంటే సున్నా ట్యూబునూ టెస్టు ట్యూబునూ ఒకే ఫొటోలో తీసి చూడండి. విడివిడిగా తీస్తే ఫోను దేనికది రంగు సర్దేస్తుంది, పోలిక పోతుంది. ఇంట్లో వాళ్లకు చూపిస్తే మాత్రం ఏది ఏ ట్యూబో, ఎంత రావాలో ముందే చెప్పకండి. ‘పచ్చగా ఉందా?’ అని అడగొద్దు. ‘రెండూ ఒకటేనా, కాదా?’ అని అడగండి.