పాత కారు హెడ్‌లైట్లు డిమ్‌గా ఉన్నాయా? బల్బు కొనే ముందు ఎర్త్ చూడండి

మారుతి 800 గానీ, పాత ఆల్టో గానీ, హెచ్4 బల్బు (దూరం పడే బ్రైట్, దగ్గరికి పడే డిమ్ రెండూ ఒకే బల్బులో ఉండేది) వాడే పాత కారు ఏదైనా సరే, వెలుగు తగ్గిందనగానే జనం ముందు చేసే పని 100/90 వాట్ల (బ్రైట్/డిమ్) బల్బులు కొనడం. కంపెనీ వైరింగు 60/55కి లెక్కేసి వేసింది. దాని మీద ఒకటిన్నర రెట్లకు పైగా లోడు పెడితే ముందు హోల్డర్ కరుగుతుంది, తర్వాత డిప్పర్ స్విచ్ (డిమ్-బ్రైట్ మార్చేది) కాలుతుంది. బల్బు పాతదైతే మార్చండి, కానీ అదే వాటేజీలో, రెండు వైపులా ఒకేసారి. గాజు లోపల నల్లబడి కనిపిస్తే దాని పని అయిపోయినట్టే. నీలం రంగు పూసిన బల్బులు మాత్రం వద్దు. ఆ రంగు వెలుగును ఆపేస్తుంది, వానలో రోడ్డే కనపడదు.

వెలుగు ఉంది కానీ దూరం పడడం లేదు

డాష్‌బోర్డులో లెవెలింగ్ చక్రం (హెడ్‌లైటు వెలుగును పైకీ కిందకీ మార్చేది, అంకె పెరిగేకొద్దీ వెలుగు కిందకు దిగుతుంది) ఉంటే అది 0 మీద ఉందో లేదో చూడండి. 3 మీద వదిలేసి వైరింగు విప్పించుకునేవాళ్లకు కొదవ లేదు. అది సరిగానే ఉంటే బల్బు మూడు చెవులూ గాడిలో కూర్చున్నాయా, పైన స్ప్రింగు క్లిప్పు పడిందా చూడండి.

హెడ్‌లైటు ముందు అద్దం పసుపు రంగుకు తిరిగింది

ఇది ప్లాస్టిక్ లెన్స్ ఉన్నవాటికే, గాజుకు ఈ బాధ లేదు. వాటర్ పేపర్ 800, 1500, 2000, 3000 వరుసలో తడిపి రుద్దండి, ఆ తర్వాత కాంపౌండ్ పట్టండి. చివర్లో యూవీ క్లియర్ కోటు వేయకపోతే మళ్లీ పసుపెక్కుతుంది. టూత్‌పేస్టు చిట్కాతో మెరుపు వచ్చినా నిలబడదు.

ఇంజన్ రేజ్ చేస్తే వెలుగు పెరుగుతోంది

ఇది ఛార్జింగు సమస్య. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినళ్ల మీద 13.8 నుంచి 14.4 వోల్టులు రావాలి. రాకపోతే ఆల్టర్నేటర్ బెల్టు బిగువు, బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లటి తుప్పు చూడండి. అవి రెండూ బాగుంటేనే ఆల్టర్నేటర్ జోలికి వెళ్లండి.

బ్యాటరీ బాగుంది, బల్బు కొత్తది, అయినా డిమ్

అసలు దొంగ ఇక్కడ ఉంటాడు. హోల్డర్ పీకి, మీటరు పెట్టి, "12 వోల్టులు వస్తున్నాయి, వైరింగు ఓకే" అని తేల్చేస్తారు. బల్బు తీసేశాక ఆ వైరులో కరెంటు పారదు. పారనప్పుడు తుప్పు పట్టిన జాయింటు కూడా నిండు 12 వోల్టులు చూపిస్తుంది. బల్బు పెట్టగానే సుమారు నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది, అప్పుడు ఆ జాయింటు దగ్గరే వోల్టేజీ పడిపోతుంది. అందుకే కొలత ఎప్పుడూ బల్బు వెలుగుతుండగానే తీయాలి.

రబ్బరు బూటు పక్కకు తీసి, హోల్డర్ వెనక నుంచి వైరు పక్కగా మీటరు పిన్నులు గుచ్చండి. ఇంజన్ ఆన్, డిమ్ ఆన్. బ్యాటరీ దగ్గర 14.1 ఉండి బల్బు పిన్నుల మధ్య 11.9 వస్తే 2.2 వోల్టులు దారిలోనే పోయాయి. హెచ్4ను లెక్కగట్టేది 13.2 వోల్టుల దగ్గర. 11.9కి దిగితే వెలుగు సుమారు 70 శాతం, 10.5కి దిగితే సగం కూడా ఉండదు.

ఇప్పుడు ఏ వైపు పోతోందో చూడాలి. అంతకుముందు ఒక జాగ్రత్త: కొన్ని కార్లలో ప్లస్ నేరుగా బల్బుకు వచ్చి, స్విచ్ ఎర్త్ (బల్బు నుంచి బ్యాటరీ మైనస్‌కు కరెంటు తిరిగి వెళ్లే దారి) వైపు ఉంటుంది. హోల్డర్ పీకి, లైట్లు వేసి, మీటరు నల్ల వైరు బ్యాటరీ మైనస్‌కు పెట్టి డిప్పర్ మార్చండి. డిమ్‌లోనూ బ్రైట్‌లోనూ ఒకే పిన్ను 12 చూపిస్తే మీది ఆ రకం. అప్పుడు ఎర్త్ దారి స్విచ్ గుండా పోతుంది కాబట్టి ముందు స్విచ్ కనెక్టరు చూడండి.

మామూలు రకమైతే బల్బు ఎర్త్ పిన్ను నుంచి బ్యాటరీ మైనస్‌కు కొలవండి. 0.2 వోల్టులు దాటితే ఎర్త్ పాడైనట్టే. ఇండికేటర్ వేస్తే దానితో పాటు హెడ్‌లైటు కూడా ఆడుతోందా? ఇక అనుమానం అక్కర్లేదు. మీటరు లేకపోతే బ్యాటరీ మైనస్ నుంచి ఒక వైరు తెచ్చి ఆ ఎర్త్ పిన్నుకు తగిలించండి. వెలుగు ఒక్కసారిగా పెరిగితే జవాబు దొరికినట్టే. పైన చెప్పిన స్విచ్-ఎర్త్ రకంలో మాత్రం ఈ పని చేయకండి, ఆ ప్లస్ పిన్నుకు తగిలితే ఫ్యూజు పోతుంది.

ఎర్త్ బోల్టు సాధారణంగా హెడ్‌లైటు వెనక బాడీ రేకు మీద ఉంటుంది. డెంటింగ్-పెయింటింగ్ అయిన కార్లలో లగ్గు (వైరు చివర బోల్టుకు తగిలించే లోహపు రింగు) కింద రంగు పడి ఉంటుంది, పైకి చూస్తే అంతా కొత్తగా మెరుస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో అయితే తుప్పే. బోల్టు విప్పి రేకు మెరిసేదాకా గీకండి, లగ్గు కూడా. వైరు లోపల రాగి నల్లబడి ఉంటే ఎర్రటి రాగి కనిపించేదాకా కత్తిరించి కొత్త లగ్గు క్రింప్ చేయండి. స్టార్ వాషర్ వేసి బిగించాకే వాజిలిన్ పూయండి, ముందు కాదు.

నష్టం ప్లస్ వైపు 0.5 వోల్టులు దాటితే చాలావరకు డిప్పర్ స్విచ్ కాంటాక్టులు అరిగినట్టు. స్విచ్ మార్చినా మళ్లీ అదే కథ, ఎందుకంటే చాలా పాత కార్లలో హెడ్‌లైటు కరెంటంతా దాని గుండానే పోతుంది. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) పెట్టండి: డిమ్‌కి ఒకటి, బ్రైట్‌కి ఒకటి. బ్యాటరీ ప్లస్ నుంచి 20 ఆంపియర్ల ఫ్యూజు (బ్యాటరీకి జానెడు దూరం దాటకూడదు), 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, సిరామిక్ హోల్డర్లు. రిలే పిన్నుల మీద నంబర్లు ఉంటాయి: 30 బ్యాటరీకి, 87 బల్బుకు. 85, 86 రెండూ పాత హోల్డర్‌లోంచే తీసుకోండి: ఒకటి కామన్ పిన్నుకు (డిమ్‌కీ బ్రైట్‌కీ ఉమ్మడిగా ఉండేది), ఇంకొకటి డిమ్ లేదా బ్రైట్ పిన్నుకు. డయోడ్ లేని రిలే అయితే స్విచ్ ఎటువైపు ఉన్నా పనిచేస్తుంది. కొత్త బల్బు ఎర్త్ మాత్రం శుభ్రం చేసిన బోల్టుకే ఇవ్వండి. పాత వైరుకు కలిపితే చేసిన పనంతా వృథా.

ఇవేవీ కాకపోతే డూమ్ (బల్బు చుట్టూ వెలుగును ముందుకు తిప్పే గిన్నె) లోపల వెండి పూత చూడండి. ఊడిపోతే బాగుచేయడం లేదు, అసెంబ్లీ మార్చాల్సిందే.