ఎంజైమ్ పోతే ఏమవుతుంది? – 4వ పాఠం: సీవైపీ27ఏ1

పోయినసారి సీవైపీ21ఏ2 (అడ్రినల్ గ్రంథిలో కార్టిసాల్ హార్మోన్ తయారీకి కావలసిన ఎంజైమ్) పనిచెయ్యకపోతే ఏమవుతుందో రాయమంటే దాదాపు అందరూ "కార్టిసాల్ తగ్గుతుంది" అని రాసి ఆపేశారు. మరి ఆ జబ్బుతో పుట్టిన ఆడపిల్లల్లో మగ లక్షణాలు ఎందుకు కనిపిస్తాయి? మీ జవాబులో దానికి చోటే లేదు. కార్టిసాల్ అందట్లేదని పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ (అడ్రినల్‌ని పనిచెయ్యమనే హార్మోన్) వదుల్తూనే ఉంటుంది, అడ్రినల్ సరుకు తయారుచేస్తూనే ఉంటుంది, ముందుకి దారి లేక 17-హైడ్రాక్సీప్రొజెస్టిరాన్ అనే మధ్య పదార్థం పేరుకుపోయి ఆండ్రోజెన్ల (మగ హార్మోన్ల) వైపు మళ్ళుతుంది. అందుకే మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఏం తగ్గింది, ఏం పేరుకుంది, ఏ బ్రేక్ (తయారీని ఇక తగ్గించమని చెప్పే పదార్థం) పోయింది. నేనైతే మూడోదే ముందు రాస్తా, మిగతా రెండూ దాని వెనకే వచ్చేస్తాయి.

ఇప్పుడు సీవైపీ27ఏ1. ఈ ఎంజైమ్ మైటోకాండ్రియాలో ఉంటుంది, దీనికి కావలసిన ఎలక్ట్రాన్లు అడ్రినోడాక్సిన్ అనే ప్రోటీన్ ఇస్తుంది, అంతే, దాని గురించి ఇంకేం చెప్పను. లివర్‌లోనే కాదు, మాక్రోఫేజ్‌లతో (ఒక రకం రోగనిరోధక కణాలతో) సహా చాలా టిష్యూల్లో ఉంటుంది. లివర్‌లో దీని పని కొలెస్ట్రాల్‌ని బైల్ యాసిడ్‌గా (కొవ్వు అరగడానికి తోడ్పడే పదార్థంగా) మార్చేటప్పుడు దాని పక్క గొలుసుని ఆక్సిడైజ్ చెయ్యడం. అమ్మ నుంచీ నాన్న నుంచీ వచ్చిన ఈ జీన్ రెండు కాపీలూ పాడైతే వచ్చే జబ్బు సెరెబ్రోటెండినస్ జాంతోమటోసిస్, 1937లోనే వర్ణించారు.

బ్రేక్ ఏది? కీనోడీఆక్సీకోలిక్ యాసిడ్ అనే బైల్ యాసిడ్. మామూలుగా అది తయారయ్యాక దారి మొదట్లో ఉండే సీవైపీ7ఏ1 ఎంజైమ్‌ని తగ్గించమంటుంది. ఇక్కడ అది సరిగ్గా తయారవ్వదు కాబట్టి సీవైపీ7ఏ1 ఆగకుండా పనిచేస్తుంది, మధ్యలో ఆగిపోయిన పదార్థాలు పేరుకుంటాయి, వాటిలో ఒకటి కొలెస్టనాల్‌గా (కొలెస్ట్రాల్‌ని పోలిన పదార్థంగా) మారి టెండన్లలో (కండరాన్ని ఎముకకి కలిపే తాళ్ళలో), మెదడులో చేరుతుంది.

ఇక్కడే నాకు చాలా చిరాకు తెప్పించే పొరపాటు ఉంది. మడమ వెనక టెండన్ మీద గడ్డ, అంటే జాంతోమా (కొవ్వు పదార్థాలు చేరిన గడ్డ) అనగానే "కొలెస్ట్రాల్ ఎక్కువ" అని రాసేస్తారు. కాదు. ఈ జబ్బులో రక్తంలో కొలెస్ట్రాల్ సాధారణంగా నార్మల్‌గానే ఉంటుంది, ఒక్కోసారి తక్కువే. మామూలు లిపిడ్ టెస్ట్ చూసి అంతా బాగుందనుకుంటే జబ్బు దొరకదు, కొలెస్టనాల్‌ని విడిగా కొలవాలి. పైగా గడ్డ వచ్చేదాకా ఆగక్కర్లేదు, చిన్నప్పట్నించీ తగ్గని విరేచనాలు, చిన్న వయసులోనే కంట్లో శుక్లం, ఈ రెండూ ఒకే పిల్లాడిలో కనిపిస్తే అప్పుడే అనుమానపడాలి, ఎందుకంటే నడక తూలడం, జ్ఞాపకశక్తి దెబ్బతినడం లాంటివి తర్వాతెప్పుడో వస్తాయి, అప్పటికి జరిగిన నష్టం పూర్తిగా వెనక్కి రాదు.

బ్రేక్ ఏదో రాసుకుంటే మందు కూడా మీకే తడుతుంది: కీనోడీఆక్సీకోలిక్ యాసిడ్‌నే మాత్రగా ఇస్తారు, సీవైపీ7ఏ1 తగ్గుతుంది, కొలెస్టనాల్ దిగుతుంది.

అభ్యాసం, కొంచెం కష్టమే. సీవైపీ21ఏ2 లోపం తీవ్రంగా ఉంటే ఒంట్లో ఉప్పు పోయి బీపీ పడిపోతుంది. దాని తర్వాతి మెట్టులో ఉండే సీవైపీ11బీ1 పోతే కార్టిసాల్ అలాగే తగ్గుతుంది గానీ బీపీ పెరుగుతుంది. ఎందుకు? బాణాలు గీసి, మూడు ప్రశ్నలకీ జవాబు రాయండి. పేరుకున్న పదార్థం పేరు లేకుండా రాసిన జవాబు చూడను.