లంగరు నిలవని పడవ

పోయిన శని, ఆదివారాల్లో ఏ రోజు ఏ వేటో ముందే అనుకున్నాను: మొదటి రోజు సముద్రంలో అడుగున తిరిగే చేపలకు గాలం, రెండో రోజు కండలేరు ఉప్పుటేరులో పీతలు. శనివారం పొద్దున్నే చిక్కు వచ్చింది. పది బారల (బార అంటే రెండు చేతులు చాచినంత) లోతులో లంగరు వేశాం, అయినా పడవ జరిగిపోతూనే ఉంది. సీసపు గుండు అడుగున ఆగదు, ఎర నీళ్లలో ఊగుతుంది, చేప ముట్టదు. గుండు బరువు చాలలేదనుకుని రెండింతలు కట్టాను. చేతులకు నొప్పి మాత్రం మిగిలింది.

తాడు చూసి మా కృష్ణపట్నం బాబాయి నవ్వాడు. "పదిహేను బారల తాడుతో లంగరును పైకి లాగుతున్నావు అబ్బాయ్, అది ఇసుకలో ఎలా దిగుతుంది?" పక్క పడవ నుంచి తాడు అడిగి తెచ్చి నలభై బారలు చేశాం, లంగరు దగ్గర ఒక బార ఇనుప గొలుసు తగిలించాం. గొలుసు బరువుకు లాగుడు నేలబారుగా పడి కొక్కేలు దిగాయి. పడవ కదల్లేదు. మధ్యాహ్నానికి జెల్ల చేపలు బుట్టెడు.

ఆదివారం పౌర్ణమి అని చూసుకోకపోవడం నా తప్పే. పౌర్ణమి ఆటుపోట్ల వడికి పీతల వలలు కొట్టుకుపోయాయి. వాటికి రాళ్లు కట్టి, నీరు నిలిచే కాసేపట్లోనే చేపతలకాయలు ఎరగా దించాం. మండపీతలు నాలుగే, గుడ్లతో ఉన్నదాన్ని వదిలేశాం. ఈసారి వడి తక్కువుండే అష్టమికి వెళ్తాను.