స్తంభం మీది ఫైబర్ బాక్స్: నీళ్లు, సిగ్నల్, షాక్ సమస్యలకు అసలు కారణాలు

కరెంటు స్తంభానికి బిగించిన ఫైబర్ బాక్స్ (ఇళ్లకు నెట్ పంచే ఫైబర్ కేబుల్ పెట్టె) మీద వచ్చే ఫిర్యాదులు నాలుగైదు రకాలే. నిచ్చెన వెయ్యడం, పట్టీ బిగించడం, స్ప్లైసింగ్ (ఫైబర్ కొసలు అతకడం) చెయ్యడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. బెల్టు, హెల్మెట్ సంగతి మళ్లీ చెప్పను. ఒక్కటి మాత్రం చెప్పక తప్పదు, ఎందుకంటే ఎవరూ చెయ్యట్లేదు: బాక్స్ మీద చెయ్యి వేసే ముందు టెస్టర్ పెట్టండి. బాక్స్ బాడీ మీద, పట్టీ మీద, కేబుల్‌ను మోసే జీఐ వైరు (జింకు పూత ఇనుప తీగ) మీద, మూడు చోట్లా. లోపల సప్లై లేని ఉత్త స్ప్లిట్టర్ బాక్స్ (ఒక ఫైబర్ సిగ్నల్‌ను పలు ఇళ్లకు చీల్చేది) అయినా సరే.

లోపల కరెంటే లేనప్పుడు షాక్ ఎలా కొడుతుందనే ప్రశ్న దగ్గరికి తర్వాత వస్తాను. ముందు చిన్నవి తేల్చేద్దాం.

వాన పడగానే బాక్స్‌లో నీళ్లు

అందరూ తలుపు రబ్బరును తిడతారు. పది బాక్సుల్లో తొమ్మిదింటికి రబ్బరు బాగానే ఉంటుంది. నీళ్లు కేబుల్ వెంట వస్తాయి. కేబుల్ పై నుంచి దిగి నేరుగా గ్లాండ్‌లోకి (కేబుల్ దూరే బిగింపు రంధ్రంలోకి) పోతుంటే వాన చుక్క కూడా దాని వెంటే లోపలికి పోతుంది. కేబుల్‌ను బాక్స్ అడుగు కంటే ఒక జానెడు కిందకు దించి, వంపు తిప్పి, కింది నుంచి లోపలికి తీసుకోండి. చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

బాక్స్ మీద ఐపీ 65 (దుమ్ము, నీటి చిమ్ములు లోపలికి రావనే రేటింగ్) అని ఉందని ధైర్యపడకండి. కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంచినంత కాలమే ఆ మాట చెల్లుతుంది. పైభాగంలో డ్రిల్లు పెట్టి కొత్త రంధ్రం చేశారా, రేటింగ్ పోయినట్టే. ఒక గ్లాండ్‌లో రెండు డ్రాప్ వైర్లు (ఇళ్లకు పోయే సన్న కేబుళ్లు) దూర్చి పైన ఎం-సీల్ పూస్తే రెండు ఎండాకాలాలకు పగులుతుంది.

గాలి వీస్తే సిగ్నల్ పడిపోతుంది

ముందు కనెక్టర్ తుడవండి. తుడవకుండా స్ప్లిట్టర్ మార్చేవాళ్లను చూస్తే విసుగొస్తుంది. తుడిచాక కూడా పోకపోతే వంపు చూడండి. మామూలు ఫైబర్‌కు 30 మిల్లీమీటర్ల వ్యాసార్థం కంటే బిగుతుగా చుట్టు వేస్తే కాంతి బయటికి కారుతుంది. ఈ కారుడు 1550 నానోమీటర్ల దగ్గర ఎక్కువ, 1310 దగ్గర తక్కువ. ఒకే ఫైబర్‌లో కేబుల్ టీవీ కూడా పంపుతుంటే గుర్తుపట్టడం తేలిక, టీవీ 1550 మీదే వస్తుంది కాబట్టి: టీవీలో బొమ్మ విరుగుతూ నెట్ బాగానే ఉందంటే అది వంపే. ట్రే మూత కింద ఫైబర్ నలుగుతుండవచ్చు, లేదా ఒకే పట్టీతో వేలాడే బాక్స్ ఊగుతుండవచ్చు. పట్టీలు రెండు వెయ్యండి, స్టెయిన్‌లెస్ స్టీలువి. నైలాన్ ట్యాగులు మన ఎండకు పెళుసుబారి తెగుతాయి. కాంక్రీటు స్తంభానికి డ్రిల్లు మాత్రం పెట్టకండి. దాని బలమంతా లోపల బిగించి పోసిన తీగల్లోనే ఉంది, ఒక్క తీగ తెగినా స్తంభానికే ముప్పు.

ఇంటి దగ్గర సిగ్నల్ పవర్ మైనస్ 27 డీబీఎం, అంటే ఇక తగ్గితే ఆగిపోయే అంచున, చూపిస్తుంటే "ప్రస్తుతానికి పనిచేస్తోంది కదా" అని దిగి వచ్చేస్తే మళ్లీ అక్కడికే వెళ్లాల్సి వస్తుంది.

రాత్రి షాక్ కొడుతోంది, పగలు చూస్తే ఏమీ లేదు

ఈ ఫిర్యాదు రకరకాల వేషాల్లో వస్తుంది. స్తంభం కింద బండి పెట్టుకునే ఆమె జివ్వుమందని చెబుతుంది. ఇంటాయన బాల్కనీ గ్రిల్ పట్టుకుంటే లాగిందంటాడు. కొన్నిసార్లు షాక్ మాటే రాదు, రాత్రిపూట అడాప్టర్లు, మీడియా కన్వర్టర్లు వరుసగా కాలిపోతుంటాయి. మర్నాడు పదింటికి టెక్నీషియన్ వెళ్తాడు. టెస్టర్ వెలగదు. అడాప్టర్ మార్చి, హై వోల్టేజీ అని రాసి వచ్చేస్తాడు. రాత్రికి మళ్లీ అదే కథ.

కారణం మీ బాక్స్‌లో ఉండదు. మీ స్తంభం మీద కూడా ఉండకపోవచ్చు. ఎల్‌టీ లైన్లో (ఇళ్లకు కరెంటిచ్చే లైన్లో) మూడు ఫేజులు, న్యూట్రల్‌తో పాటు చాలా వీధుల్లో అయిదో వైరు ఉంటుంది. అది వీధిలైట్ల ఫేజు, చీకటి పడ్డాకే దానికి కరెంటు. లైటును మోసే బ్రాకెట్ ఇనుప పైపు. పైపు మూతి దగ్గర వైరు ఏళ్ల తరబడి ఒరుసుకుని పైతొడుగు పోతుంది. మన వాళ్లు జీఐ వైరును కట్టేది సరిగ్గా ఆ బ్రాకెట్‌కే, స్తంభం మీద చేతికి అందేది అదే కాబట్టి. లైటు వెలిగిందా, ఆ జీఐ వైరు పొడవునా 230 వోల్టులు. దానికి తగిలి ఉన్న ప్రతి పట్టీకీ, ప్రతి ఇనుప బాక్స్‌కూ అదే. లోపం నాలుగో స్తంభం మీద, షాక్ మొదటి స్తంభం దగ్గర. కాంక్రీటు పొడిగా ఉన్నంతసేపూ కరెంటు నేలకు పెద్దగా దిగదు కాబట్టి ఫ్యూజు పోదు. వాన పడితే స్తంభం తడిసి, కింద నిలబడ్డవాళ్లకు తెలుస్తుంది.

దీన్నే మరో రకంగానూ చూస్తాం. ఇళ్లకు వెళ్లే సర్వీసు వైరు మన జీఐ వైరు మీద ఆనుకుని, గాలికి రంపంలా కోసుకుంటుంది. అది రాత్రీ పగలూ ఉంటుంది, కాకపోతే గాలి వీచినప్పుడే తగులుతుంది.

మూడు నమ్మకాలు ఇక్కడ ముంచుతాయి.

మొదటిది, బాక్స్‌కు ఎర్త్ కొట్టాం కదా అన్నది. మీ ఎర్త్ రాడ్ నిరోధం 20 ఓములు అనుకోండి, ఎండాకాలంలో అంతకంటే ఎక్కువే ఉండొచ్చు. 230ని 20తో భాగిస్తే పదకొండున్నర ఆంపియర్లు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఫ్యూజుకు అది లెక్కే కాదు. వైరు అలాగే లైవ్‌గా ఉంటుంది, పైగా ఎర్త్ రాడ్ చుట్టూ నేల కూడా. ఎర్త్ వద్దని కాదు, తప్పకుండా వెయ్యండి, కానీ ఈ జబ్బుకు అది మందు కాదు.

రెండోది, బాక్స్‌లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై కట్టేసే స్విచ్) పెట్టాం కదా అన్నది. ఆర్‌సీసీబీ తన గుండా వెళ్లే, తిరిగొచ్చే కరెంటుల తేడానే చూస్తుంది. బయటి నుంచి జీఐ వైరు మీద వచ్చేది దాని గుండా పోవడం లేదు, కాబట్టి అది కదలదు.

మూడోది టెస్టర్. నియాన్ టెస్టర్ మీ ఒంటి గుండా నేలకు పోయే సన్నని కరెంటుతో వెలుగుతుంది. పొడి చెక్క నిచ్చెన మీద రబ్బరు చెప్పులతో నిలబడితే లైవ్ వైరు మీద కూడా గుడ్డిగా వెలగొచ్చు, ఎండలో అది కంటికి ఆనదు. తర్వాత రెండో చేత్తో తడి స్తంభం పట్టుకున్నప్పుడు తెలుస్తుంది. అందుకే టెస్టర్‌ను ముందు పక్క కొట్లో సాకెట్‌లో పెట్టి పనిచేస్తోందో లేదో చూసుకోండి, తర్వాత బాక్స్ మీద, ఆఖర్న మళ్లీ సాకెట్‌లో.

పట్టుకునే పద్ధతి ఇది. పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఎలక్ట్రీషియన్‌ను గానీ లైన్‌మన్‌ను గానీ అడిగి పగలే వీధిలైట్లు వేయించండి. ఈ ఒక్క పని చెయ్యకుండా వారాల తరబడి అడాప్టర్లు మార్చేవాళ్లే ఎక్కువ. లైట్లు వేశాక జీఐ వైరు మీద టెస్టర్ వెలిగితే అది నిజం కరెంటా, పక్క లైన్ నుంచి వచ్చిన ఇండక్షనా తేల్చాలి. లైన్‌మన్ ఉండగా, ఇన్సులేషన్ ఉన్న ప్రోబులతో, మంచి ఎర్త్‌కూ జీఐ వైరుకూ మధ్య 60 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టించండి. వెలిగితే నిజం కరెంటు. ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు, కొద్దిపాటి ఇండక్షన్‌కే మిణుకుమంటుంది. మల్టీమీటర్ కూడా ఇండక్షన్‌కే పెద్ద అంకెలు చూపించి కంగారు పెడుతుంది.

నిజం కరెంటని తేలితే కట్టర్ తియ్యకండి. లైవ్‌గా ఉన్న జీఐ వైరును కోస్తే ఒక కొస వీధిలో వేలాడుతుంది, అదీ లైవ్‌గానే. జనాన్ని దూరంగా నిలబెట్టి, విద్యుత్ సిబ్బంది చేత లైన్ క్లియర్ (లైన్ ఆపామని వాళ్లిచ్చే అనుమతి) తీసుకోండి. అడిగేటప్పుడు వీధిలైట్ల సర్క్యూట్ కూడా ఆపమని విడిగా చెప్పండి. దాని స్విచ్ వేరే చోట ఉంటుంది, ఒక్కోసారి సప్లై పక్క ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వస్తుంది, మీ ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజులు లాగినా అది ఆగదు. కొట్లలో జనరేటర్, ఇన్వర్టర్ వెనక్కి తన్నే ప్రమాదం కూడా ఉంది కాబట్టి లైన్ క్లియర్ తర్వాత కూడా టెస్టర్ పెట్టాల్సిందే, లైన్‌ను షార్ట్ చేసి ఎర్త్ చేయించాల్సిందే.

ఆ తర్వాత వీధి చివరిదాకా నడిచి, ఫోన్ కెమెరా జూమ్ చేసి ప్రతి ముడీ చూడండి. బ్రాకెట్‌కు, క్రాస్ ఆర్మ్‌కు (లైన్ వైర్లను మోసే అడ్డ కమ్మీకి) కట్టిన ప్రతి ముడినీ విప్పి, సొంత క్లాంపు మీదకు మార్చండి. జీఐ వైరు మధ్యలో అక్కడక్కడా స్టే వైర్లకు వాడే గుడ్డు ఆకారపు పింగాణీ ఇన్సులేటర్లు వెయ్యండి, ఒక చోట తగిలిన కరెంటు వీధంతా పాకదు. కొత్త లైన్ అయితే లోహమే లేని ఏడీఎస్ఎస్ కేబుల్ లాగండి, ఖర్చు కాస్త ఎక్కువైనా. ఇంటికి పోయే డ్రాప్ వైరులో ఉక్కు తీగ ఉంటే దాన్ని గోడ బయటే ప్లాస్టిక్ క్లాంపులో ఆపి కోసెయ్యండి. గ్రిల్‌కు చుడితే గ్రిల్ కూడా లైన్లో కలిసినట్టే.

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయాక నగరంలో స్తంభాల మీది కేబుళ్లను పెద్దఎత్తున కత్తిరించారు. అలా కత్తిరించిన చోట లైన్ మళ్లీ కట్టాల్సి వస్తే, ఆ హడావిడిలోనే వైరు మళ్లీ బ్రాకెట్‌కు చేరుతుంది.

ఎక్కేటప్పుడు ఒక మాట. స్టీలు పట్టీని కిందే కొలిచి కత్తిరించుకుని పైకి వెళ్లండి. రెండు మీటర్ల పట్టీ చుట్ట పైన విప్పితే కొస ఎగిరి ఎల్‌టీ వైరుకు తగులుతుంది. 11 కేవీ ఉన్న స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్ స్తంభం, ఏబీ స్విచ్ (లైన్‌ను విడదీసే స్విచ్) స్తంభం అనుమతి కాగితం ఉన్నా వద్దు, పక్కది చూసుకోండి.

మధ్యాహ్నం నెట్ పోయి సాయంత్రం వస్తోంది

వేడి. మూసిన ఇనుప బాక్స్ పడమటి ఎండకు ఎదురుగా ఉంటే లోపలి అడాప్టర్ కెపాసిటర్లు ఎండిపోతాయి. బాక్స్‌ను స్తంభానికి ఉత్తరం వైపు తిప్పండి, లేత రంగుది వాడండి, అడాప్టర్‌ను ఓఎన్‌యూ (ఫైబర్ కాంతిని నెట్ సిగ్నల్‌గా మార్చే పెట్టె) నెత్తిన పెట్టకండి.

మిగతావి

పిడుగు పడితే మీకు చెప్పక్కర్లేదు, వీధంతా పోతుంది, సర్జ్ ప్రొటెక్టర్ మార్చుకోండి. ఉడత కొరికితే పంటిగాట్లు కనిపిస్తాయి. గండుచీమలు, కందిరీగలు గూడు పెడితే వాడని గ్లాండ్‌కు బిరడా లేదని అర్థం. విశాఖ, కాకినాడ లాంటి తీరంలో జీఐ బోల్టులు తుప్పుపట్టి బాక్స్ ఒరిగితే స్టెయిన్‌లెస్‌వి వేసి వదిలెయ్యండి.