గాలం పోటీలో బ్రీమ్ చేప పట్టాలంటే

భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే చోట గాలం వేస్తుంటే ముందు పోటు ఎప్పుడొస్తుందో చూసుకోండి. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. నీళ్లు ఎక్కడం మొదలైన తొలి గంటను మాత్రం నేను వదులుకోను. మేతకు చేప రాళ్ల పక్కకు వచ్చేది అప్పుడే.

ఎరకు బతికున్న రొయ్యే కావాలి. చిన్న గాలాన్ని తోక చివర గుచ్చండి, రొయ్య ఇంకా కాళ్లాడిస్తూ ఉండాలి. దారం సన్నగా ఉండాలి. సీసం గుండు ప్రవాహానికి కొట్టుకుపోనంత బరువుంటే చాలు. బ్రీమ్ మొదట ఊరికే పొడిచి చూస్తుంది, అప్పుడే లాగేయకండి. ఎంత టెన్షన్ ఉన్నా చెయ్యి ఆగాలి. దారం బిగిసి పక్కకు కదిలాక కర్ర ఎత్తండి.

ఒకటి పడితే మళ్లీ అక్కడే వేయండి, ఇవి గుంపుగా తిరుగుతాయి. వీపు ముళ్లతో జాగ్రత్త. తడి చేత్తోనే పట్టుకోండి, పొడి చెయ్యి ఒంటి మీది జిగురు ఊడదీస్తుంది. తూకం కాగానే బతికుండగానే నీళ్లలోకి వదిలేయండి.